బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కంటికి కూడా దొరకని బ్రేకు లోపం: జీపు ఎత్తు పెంచినవాళ్లు ఏం చూసుకోవాలి?

మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్‌ను మన దగ్గర ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. చీరాలలో అడిగినా, బాపట్లలో అడిగినా 'బ్రేక్ ఇన్‌స్పెక్టర్' అనే అంటారు. మరి ఆ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మీ సొంత బండి బ్రేకును ఎన్నాళ్లకోసారి చూస్తారు? ఆటో, లారీ, బస్సు లాంటి రవాణా వాహనాలకైతే ఫిట్‌నెస్ పరీక్ష క్రమం తప్పకుండా ఉంటుంది. సొంత కారుకు, జీపుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. బండి తీసుకెళ్లి చూపించాల్సింది అప్పుడే. మధ్యలో మీరు తీసుకునే పొల్యూషన్ సర్టిఫికెట్‌కు బ్రేకుతో సంబంధం లేదు.

ఆ పునరుద్ధరణ ఫీజు ఈ మధ్య బరువెక్కింది. 20 ఏళ్లు దాటిన కార్లు, జీపులకు అంతవరకు 5 వేల రూపాయలున్న ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10 వేలు చేసింది. పాత జీపులను మోజుగా దాచుకున్నవాళ్లకు ఇది చిన్న మొత్తమేమీ కాదు. అయితే ఫీజు సంగతి పక్కన పెట్టి, ఆ తనిఖీలో ఏది బయటపడుతుంది, ఏది బయటపడదు అన్నది చూడాలి. బయటపడనివాటిలో ఒకటి మీ ప్రాణం మీదకు తెచ్చేది. సస్పెన్షన్ మార్చి ఎత్తు పెంచిన జీపులో బ్రేకు గొట్టం అది.

డొంక రోడ్డు, వాడరేవు ఇసుక

కారంచేడు లాంటి ఊళ్లో రోడ్డు దిగి పొలంలోకి వెళ్లే అసలు బండి ట్రాక్టరు. నిజానికి ట్రాక్టరుకు ఈ బాధ లేదు. వెనక చక్రాల హౌసింగ్ గేరుబాక్సుకు నేరుగా బిగించి ఉంటుంది, మధ్యలో స్ప్రింగులుండవు. చక్రం ఒక్కటే వేరుగా పైకీ కిందికీ ఊగదు కాబట్టి సాగే గొట్టంతో పని లేదు. (దాని వెనక తగిలించే ట్రక్కుకు చాలాసార్లు సొంత బ్రేకే ఉండదు. అది ఇంకో పెద్ద కథ.)

ఇబ్బంది జీపులతో. థార్, జిప్సీ, గూర్ఖా, జిమ్నీ, పాత ఎంఎం 540 లాంటి బండ్లు ఇప్పుడు పొలం పనికన్నా సరదాకే ఎక్కువ తిరుగుతున్నాయి. కారంచేడు నుంచి చీరాల మీదుగా వాడరేవుకు గంటలోపే చేరుకోవచ్చు. బాపట్ల దగ్గర సూర్యలంక ఉంది. గుంటూరు, విజయవాడ నుంచి వారాంతంలో వచ్చేవాళ్లు బండిని ఇసుకలో దింపకుండా తిరిగెళ్లరు. అటు కొమ్మమూరు కాలువ చుట్టుపక్కల నల్లరేగడి డొంకలు వాన పడితే జిగురు, ఎండితే రాయి. ఈ రెండు నేలలకూ టైరు పెద్దది కావాలి, బండి ఎత్తుగా ఉండాలి అనిపించడం సహజం. విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్లనక్కర్లేదు, చిన్న షెడ్లలో కూడా లిఫ్ట్ కిట్ వేసేస్తున్నారు. రెండు అంగుళాలు, మూడు, కొందరికి నాలుగు. స్ప్రింగులు మారతాయి, షాకబ్జర్లు మారతాయి, టైర్లు మారతాయి. బ్రేకు గొట్టం మాత్రం కంపెనీ వేసిందే, పాత పొడవుతోనే, అక్కడే ఉండిపోతుంది.

గొట్టం పని ఏమిటి?

పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ బ్రేక్ ఆయిల్‌ను నెడుతుంది. ఆ ఆయిల్ ఛాసిస్ వెంబడి సన్నని స్టీలు పైపుల్లో ప్రయాణిస్తుంది. ఛాసిస్ దగ్గర ఆగిన చోటు నుంచి చక్రం దాకా మాత్రం స్టీలు పనికిరాదు. అక్కడ చక్రం ఎగురుతుంది, దిగుతుంది, ముందువైతే పక్కకు తిరుగుతాయి కూడా. అందుకే ఆ కొద్ది దూరం రబ్బరు హోస్ వేస్తారు. వెనక ఒకే హౌసింగ్ ఉన్న జీపుల్లో తరచుగా మధ్యలో ఒక్క హోస్ మాత్రమే దిగి, హౌసింగ్ మీద రెండు వైపులకూ స్టీలు పైపులుగా చీలుతుంది.

మీ టైరులో ఉండే గాలి 30 పాయింట్లు. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు ఆ హోస్‌లో ఒత్తిడి వెయ్యి పాయింట్లు దాటుతుంది. అమెరికా ప్రమాణం ప్రకారం ఇలాంటి హోస్‌ను యంత్రానికి తగిలించి 35 గంటలు ఆపకుండా ఊపుతూ పరీక్షిస్తారు. మన దగ్గర భారతీయ ప్రమాణం ఐఎస్ 7079. అంటే ఇది మామూలు రబ్బరు ముక్క కాదు. కానీ హోస్ ఉన్నది తాడులా లాగి పట్టుకోవడానికి కాదు. హోస్ వంగాలి, ఊగాలి. బరువు మోయకూడదు.

రోడ్డు మీద బాగుంటుంది, గుంటలో తెగుతుంది

మీరు మూడంగుళాలు ఎత్తితే ఛాసిస్ వైపు కొన, చక్రం వైపు కొన మూడంగుళాలు దూరం జరుగుతాయి. మామూలుగా నిలబెట్టినప్పుడు హోస్‌లో ఇంకా కొంచెం వదులు కనిపిస్తుంది. 'చాలుతుంది సార్' అన్న మాట అక్కడే వస్తుంది. అసలు సంగతి చక్రం గాల్లో వేలాడినప్పుడు తెలుస్తుంది. ఒక పక్క చక్రం కాలువ గట్టు ఎక్కి, ఇంకో పక్కది గుంటలోకి జారినప్పుడు ఆ జారిన చక్రం షాకబ్జర్ ఎంతవరకు వదిలితే అంతవరకు కిందికి పోతుంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. చక్రం ఎంత కిందికి వేలాడాలో చాలా బండ్లలో షాకబ్జరే నిర్ణయిస్తుంది. పాత పొడవు షాకబ్జర్లే ఉంచి స్ప్రింగు మాత్రం మారిస్తే హోస్ లాగుడు పెద్దగా పెరగదు, కానీ దెబ్బలన్నీ షాకబ్జర్ తింటుంది, తొందరగా పోతుంది. పొడవాటి షాకబ్జర్లు వేస్తే చక్రం నిజంగానే ఇంకా కిందికి దిగుతుంది. అప్పుడు హౌసింగ్ బరువు మొత్తం పడేది ఒక్క హోస్ మీదే. అంటే ఖర్చు పెట్టి, మంచి కిట్ కొని, 'సరిగ్గా' చేయించుకున్నవాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ.

ఒక్క లాగుకే హోస్ తెగిపోతుందనీ లేదు. లోపలి పొర చీలి, బయటికి బాగానే కనిపిస్తూ ఉండవచ్చు. కొన్నిసార్లు లోపల ఊడిన పొర మూతలా పనిచేసి, తొక్కినప్పుడు ఆయిల్‌ను పోనిచ్చి వదిలినప్పుడు వెనక్కి రానివ్వదు. అప్పుడు బ్రేకు పట్టేసి చక్రం వేడెక్కుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది.

ఇప్పుడు పరీక్ష సంగతి. ఆధునిక పరీక్షా కేంద్రాల్లో చక్రాలను రోలర్ల మీద తిప్పి, ఒక్కో చక్రం ఎంత బలంగా ఆగుతోందో కొలుస్తారు. మంచి పద్ధతే. అరిగిన లైనింగులు, ఒక పక్కే పట్టే బ్రేకులు అందులో దొరికిపోతాయి. కానీ రోలర్ల మీద బండి సమంగా నిలబడి ఉంటుంది, నాలుగు చక్రాలూ తమ స్థానంలో ఉంటాయి, హోస్ వదులుగా ఉంటుంది. పొట్టి హోస్ ఉన్న జీపు ఆ పరీక్షలో మంచి మార్కులతో పాసవుతుంది. ఇన్‌స్పెక్టర్ బాగా చూడలేదని కాదు, బండి కింద దూరినా ఆ స్థితిలో అది కనపడదు. చక్రం వేలాడితేనే కనపడే లోపాన్ని చక్రం నేల మీద పెట్టి వెతకలేం కదా. కాబట్టి ఈ తనిఖీ మీరే చేయించుకోవాలి.

షెడ్డులో ఇలా చేయించండి

జాకీని హౌసింగ్ కింద పెడితే పరీక్ష దండగ. ఛాసిస్ కింద పెట్టి బండిని లేపించండి, ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపించండి. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవరినీ వెళ్లనివ్వకండి. చక్రాలు పూర్తిగా వేలాడాక స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పించండి. అప్పుడు కూడా హోస్ మెత్తని వంపుతో ఉండాలి. తీగలా బిగిసిందంటే ఆ బండిని ఆ రోజు మట్టిలోకి దింపొద్దు. తర్వాత ఒక పక్క చక్రాన్ని వేరే జాకీతో పైకి నొక్కించి, రెండో పక్కను వేలాడనివ్వండి. పొలం గట్టు మీద జరిగేది అదే. పైకి నొక్కినప్పుడు హోస్ నలగకూడదు, టైరుకు, సైలెన్సర్ గొట్టానికి, స్ప్రింగుకు తగలకూడదు. చివరికి రెండు కొనల మధ్య అత్యధిక దూరాన్ని టేపుతో కొలవండి. హోస్ దానికన్నా పొడవుండాలి. 'అంత పొడవూ ఉంటే చాలు' అనుకోకండి, వంపుకు కూడా కొంత కావాలి.

పొడవు చాలకపోతే రెండు మంచి దారులున్నాయి. ఒకటి, కొనలను యంత్రంతో నొక్కి బిగించిన, ప్రమాణం ముద్ర ఉన్న పొడవాటి హోస్ వేయించడం. రెండోది, ఛాసిస్ దగ్గర హోస్ బిగించిన బ్రాకెట్‌ను కిందికి దింపడం. ఈ రెండో దాంట్లో పైనుంచి వచ్చే స్టీలు పైపును కొత్త చోటుకు వంచాలి. చేత్తో లాగి వంచితే అది నలిగి, కొన్ని నెలలకు నట్టు పక్కనే చిట్లుతుంది. వంచే పనిముట్టుతో పెద్ద వంపుగా వంచాలి, లేదా కొత్త పైపు కట్టాలి. బ్రాకెట్‌ను బోల్టుతో గట్టిగా బిగించాలి. ప్లాస్టిక్ ట్యాగుతో హోస్‌ను వేలాడదీసిన బండ్లు ఉన్నాయి, అది బిగింపు కాదు.

చెడ్డ దారులు మాత్రం చాలా ఉన్నాయి. ఏసీ పనికి వాడే రాగి గొట్టాన్ని మధ్యలో అతికించడం వాటిలో ఒకటి. రాగి ఊగిసలాటకు గట్టిపడి పగులుతుంది. రెండు పొట్టి హోస్‌లను జాయింటుతో కలపడం ఇంకోటి. కొత్త పైపు చేసినప్పుడు కొనను ఒక్క మడతతోనే విప్పి వదిలేయడం మరోటి. బ్రేకు పైపు కొన రెండు మడతలుగా ఉండాలి, ఒక్క మడత ఈ ఒత్తిడికి చీలుతుంది. ఇక హోస్ కొన దగ్గర బోల్టు విప్పిన ప్రతిసారీ రాగి వాషర్లు కొత్తవి వేయాలి. పది, ఇరవై రూపాయల దగ్గర పొదుపు చేసే చోటు కాదిది.

దారి ఎంచుకోవడంలో ఒక సూత్రం గుర్తుంచుకుంటే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. కదిలే భాగాన్ని గొట్టం దాటాల్సిన చోటు, ఆ భాగం తక్కువగా కదిలే చోటై ఉండాలి. తలుపును చూడండి. కరెంటు వైరును గొళ్లెం వైపు నుంచి లాగితే తలుపు తెరిచిన ప్రతిసారీ బారెడు సాగాలి. బందు వైపు నుంచి లాగితే బెత్తెడు కూడా కదలదు. కాయిల్ స్ప్రింగులకు మార్చిన జీపుల్లో ఛాసిస్‌ను, హౌసింగ్‌ను కలిపే కడ్డీలుంటాయి. స్టీలు పైపును ఆ కడ్డీ వెంబడి బిగించి, అది ఛాసిస్‌కు, హౌసింగ్‌కు కలిసే కీళ్ల పక్కన హోస్‌తో దాటిస్తే, చక్రం అడుగు దిగినా హోస్ కొద్దిగా వంగుతుందంతే. స్టీలు పైపు హౌసింగ్ వెనక వైపు, ఛాసిస్ లోపలి వైపు పోవాలి. కింద అంచున పోతే మొదటి రాయే దాన్ని చదును చేస్తుంది. క్లిప్పులు దగ్గర దగ్గరగా ఉండాలి, ఊగే పైపు తనను తానే కోసుకుంటుంది. హోస్ బిగించేటప్పుడు మెలి పడకూడదు. కొన్ని కంపెనీల హోస్‌ల మీద పొడవునా ఒక గీత ఉంటుంది. బిగించాక ఆ గీత తిన్నగా ఉందో లేదో చూస్తే చాలు.

స్టీలు అల్లిక ఉన్న హోస్‌ల మీద ఇప్పుడు మోజు ఎక్కువ. పెడల్ గట్టిగా అనిపిస్తుంది, నిజమే. కానీ అల్లిక మీద ప్లాస్టిక్ తొడుగు లేకపోతే సన్నని ఇసుక లోపలికి దూరి, ఊగిన ప్రతిసారీ లోపలి గొట్టాన్ని గీరుతుంది. వాడరేవులో తిరిగే బండికి తొడుగు లేనిది నేనైతే వద్దంటాను. ఉప్పు గాలికి మామూలు స్టీలు పైపులు కూడా క్లిప్పుల కింద, కనపడని చోట తుప్పు పడతాయి. బీచ్ నుంచి వచ్చాక మంచి నీళ్లతో అడుగు కడగడం అందుకే. నల్లరేగడిలో సమస్య వేరు. టైరుకు, హోస్‌కు మధ్య ఇరుక్కున్న మట్టి ఎండి పెంకవుతుంది, తర్వాత రోడ్డు మీద వంద కిలోమీటర్లు అది హోస్‌ను రాస్తూనే ఉంటుంది.

మరో రెండు విషయాలు. కొన్ని జీపులకు, పికప్పులకు వెనక హౌసింగ్ దగ్గర చిన్న కడ్డీతో కదిలే వాల్వు ఉంటుంది. వెనక బరువుంటే ఛాసిస్ కిందికి దిగుతుంది, అప్పుడు ఆ వాల్వు వెనక బ్రేకుకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. మీరు ఛాసిస్‌ను మూడంగుళాలు ఎత్తగానే బండి ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్టే దానికి తోస్తుంది. ఆరుగురు కూర్చున్నా వెనక బ్రేకు సగం నిద్రలోనే ఉంటుంది. ఆ కడ్డీని కొత్త ఎత్తుకు సరిచేయించాలి. రెండోది, ఏబీఎస్ ఉన్న బండ్లలో చక్రం దగ్గరి సెన్సర్ వైరు, వెనక హ్యాండ్ బ్రేకు కేబుల్ కూడా అంతే లాగుడు తింటాయి. హోస్ ఒక్కటే మార్చి వీటిని మర్చిపోతే పని సగమే అయినట్టు.

చట్టం ఏమంటోంది?

ఇక్కడ మెత్తగా చెప్పడానికి ఏమీ లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. కేరళ రవాణా అధికారులకు, ఒక వాహన యజమానికి మధ్య నడిచిన కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం 182ఎ సెక్షన్‌ను మార్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. సీఎన్‌జీ కిట్‌కు, వికలాంగుల కోసం చేసే మార్పులకు దారి ఉంది. లిఫ్ట్ కిట్‌కు ఆర్టీఏ కౌంటర్‌లో అలాంటి దరఖాస్తు లేదు.

ఎత్తు పెంచిన బండికి ప్రమాదం జరిగితే, ఆ మార్పు చెప్పలేదన్న కారణంతో బీమా కంపెనీ మీ సొంత నష్టం క్లెయిమును తిరస్కరించవచ్చు. ఎవరైనా చనిపోతే నిర్లక్ష్యం కేసు, భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష పడే అవకాశం ఉంది. సాగిన హోస్ ఫొటో ఆ కేసులో మీ పక్షాన మాట్లాడదు.

నా ఉద్దేశంలో నిషేధం ఉన్నచోట తనిఖీ కూడా ఉండాలి, లేదంటే తనిఖీ చేసి అనుమతించే పద్ధతైనా ఉండాలి. మనకు రెండూ లేవు. జర్మనీలో ఇలాంటి మార్పు చేస్తే నిపుణుడు పరీక్షించి, సరిగ్గా ఉంటే బండి కాగితాల్లోనే రాస్తాడు. ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాల్లో 50 మిల్లీమీటర్ల వరకు ఎత్తు పెంచడానికి వీలుంది, అంతకు మించితే అనుమతి ఉన్న ఇంజినీర్ సర్టిఫికెట్ కావాలి. సస్పెన్షన్ పూర్తిగా కదిలినప్పుడు బ్రేకు గొట్టం లాగుడు పడకూడదన్నది ఆ ఇంజినీర్ చూసేవాటిలో ఒకటి. మెల్‌బోర్న్‌లో ఉన్న మీ బంధువుల అబ్బాయి జీపు ఎత్తి ఉంటే అడిగి చూడండి. మన దగ్గర చాటుగా చేయించుకోవడంతో, చేసిన షెడ్డు బిల్లు ఇవ్వదు, మీరూ అడగరు. ఏ హోస్ వేశారో కాగితం మీద ఎక్కడా ఉండదు. చెకింగ్‌లో ఆపితే కూడా అడిగేది పెద్ద టైర్ల గురించి, లైట్ల గురించి, బుల్ బార్ గురించి. బయటికి కనిపించేవి అవే కాబట్టి.

అద్దె జీపు ఎక్కేవాళ్లకూ ఒక మాట. బొర్రా నుంచి కటికి జలపాతానికి, శ్రీశైలం నుంచి ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడికి, అహోబిలం అడవిలోని పావన నరసింహుడి గుడికి జనం జీపుల్లోనే వెళ్తారు. ఆ బండ్లలో లోపముందని అనడం లేదు. ఎక్కేముందు చక్రం లోపలి వైపు తడి మరక ఉందేమో వంగి చూడడానికి నిమిషం చాలు.

పాత జీపు కొంటున్నారా?

ముందు బండి ఎత్తు పెంచిందో లేదో తెలుసుకోండి. కమాన్ కట్టల కింద దిమ్మెలు, స్ప్రింగుల మీద స్పేసర్లు, రంగు కొత్తగా మెరిసే షాకబ్జర్లు కనపడితే పైన చెప్పిన వేలాడే పరీక్ష చేయించనిదే బేరం ముగించకండి. హోస్‌ను వేళ్లతో వంచి చూస్తే రబ్బరు మీద సన్నని చీలికలు కనపడకూడదు. బ్రేక్ ఆయిల్ కాఫీ రంగులో ఉంటే అది గాల్లోని తేమ తాగిన ఆయిల్. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక 155 డిగ్రీలకే మరగవచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెడల్ మెత్తబడేది అప్పుడే. తీరం పక్కన ఉండేవాళ్లు రెండేళ్లకోసారి తప్పకుండా మార్పించాలి. గొట్టం మార్చిన రోజే ఆయిల్ కూడా మార్పించి, నాలుగు చక్రాల దగ్గరా గాలి పూర్తిగా తీయించండి. తర్వాత ఇంజిన్ ఆన్‌లో పెట్టి పెడల్ గట్టిగా నొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. పెడల్ మెల్లగా కిందికి జారుతుంటే ఎక్కడో కారుతోంది.

బయట ఉండగా హోస్ తెగితే పెడల్ ఒక్కసారిగా నేలకు తగులుతుంది. ఇప్పటి బండ్లలో బ్రేకు లైన్లు రెండు భాగాలుగా ఉంటాయి కాబట్టి ఒక భాగం ఇంకా పనిచేస్తుంది. పెడల్‌ను వెంటవెంటనే తొక్కుతూ గట్టిగా నొక్కండి, గేరు ఒక్కోటీ తగ్గించండి, హ్యాండ్ బ్రేకును మెల్లమెల్లగా లాగండి. ఒకేసారి లాగితే వెనక చక్రాలు పట్టేసి బండి తిరుగుతుంది. ఒకే లైనున్న పాత జీపుల్లో ఆ రెండో భాగం ఉండదు, గేర్లు, హ్యాండ్ బ్రేకే దిక్కు. ఇంజిన్ మాత్రం ఆపకండి, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఆగాక తెగిన హోస్‌ను ప్లయర్‌తో నొక్కి, ఆయిల్ పోసుకుంటూ ఊరు చేరే చిట్కా ఎవరో ఒకరు చెబుతారు. మిగిలిన బ్రేకులు మూడంగుళాలు ఎత్తిన, పెద్ద టైర్లున్న బండిని ఆపడానికి చాలవు. లాగే బండిని పిలిపించండి.